ఫ్యాన్లాయనకు నేను రాసిపెట్టిన జవాబు

మిత్రులారా, ఇరుగుపొరుగువారలారా,

చాలామంది వచ్చారు. కుర్చీలు చాలక వెనక గోడకు ఆనుకుని నిలబడ్డారు. మన భవనంలో ఇరవైనాలుగు వాటాలుంటే ఇరవైరెండు వాటాల మనుషులు ఈ హాల్లో నాకు కనిపిస్తున్నారు. నీళ్ల ట్యాంకు పగిలినప్పుడు పెట్టిన మీటింగుకు తొమ్మిదిమంది వచ్చారు. కాబట్టి ఇది మామూలు రాక కాదు. మనకు ఏదో పోయింది. ఏం పోయిందో ఎవరికి వారికి తెలుసు, నోటితో అనడానికే ధైర్యం చాలడం లేదు.

పోయినవాడు ఫ్యాన్లాయన. కింది అంతస్తులో, నా గుమ్మానికి ఎదురు గుమ్మంలో ఇరవైఆరేళ్లు బతికినవాడు. పోయిన వారం మంగళవారం ఉదయం పదిన్నరకు, మూడో అంతస్తు మలుపులో, మెట్ల మీద కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు.

చెల్లెమ్మా, ఆయన ఇల్లాలివి, ముందు వరసలో నువ్వు కూర్చున్నావు. నీ ఎదుట నిలబడి మాట్లాడటం నాకు చాలా కష్టంగా ఉంది. కానీ నువ్వే కబురు చేశావు. "అన్నయ్యగారూ, పొగడకండి. పొగిడేవాళ్లు చాలామంది ఉన్నారు. ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నావు. ఆ మాట పట్టుకుని నిలబడ్డాను.

సెక్రటరీ గారు నాకు అయిదు నిమిషాలిచ్చారు. అంతకంటే ఎక్కువే పడుతుంది. సెక్రటరీ గారూ, మీరు వాచీ చూసుకోనక్కర్లేదు. ఫ్యాన్లాయన విషయంలో మీరు తొందరపడవలసినదంతా పోయిన ఏడాదే పడ్డారు.

ముందే చెప్తున్నాను. ఆయన ఫ్యాన్లు బాగుచేసిన ఆ మెట్ల కింద గది ఎలా ఖాళీ అయిందో, అందులో ఎవరి చెయ్యి ఎంతో, ఇవాళ ఈ సభలో చెప్పాలి. చెప్పకపోతే ఎదురింటి తలుపు తీసినప్పుడల్లా నేను నా తలుపు మూసుకోవాలి. చెప్పిన తరువాతైనా తెరుచుకోగలనో లేదో నాకు తెలియదు.

ఆయన పనితీరు తెలియనివాళ్లు ఇక్కడ లేరు. అయినా చెప్తాను, ఇక ముందు చెప్పేవాళ్లు ఉండరు కనుక. ఆ గదికి ఒక కొసన మనిషి నిటారుగా నిలబడవచ్చు. రెండో కొసన పిల్లి కూడా తల వంచుకుని పోవాలి. వంగే కొసన ఆయన పీట. నిలబడే కొస వచ్చినవాళ్లకి. మీరు ఫ్యాను తెచ్చి పెడితే పేరు రాసుకునేవాడు కాదు, చీటీ కట్టేవాడు కాదు. స్క్రూడ్రైవరు మొన మోటారు మీద పెట్టి, పిడి చెవికి ఆనించుకుని, రెండో చేత్తో మెల్లగా తిప్పి వినేవాడు. కళ్లు మూసుకుని వినేవాడు. విన్నాక ఆ ఫ్యానుకొక పేరు పెట్టేవాడు. మూలుగు. పొడి దగ్గు. ఈల. అత్తగారి గొణుగుడు. ఆ పేరే ఆయన చిట్టా, ఆ పేరే ఆయన చిరునామా. ఇరవైఆరేళ్లలో ఒకరి ఫ్యాను ఇంకొకరికి ఇవ్వలేదు.

మనుషులకూ ఆ పేర్లే అంటుకునేవి. రెండో అంతస్తు వకీలుగారూ, మీకు తెలుసో తెలియదో, ఆయన దగ్గర మీరు ఈల. "ఈల వచ్చి వెళ్లిందండీ మాస్టారూ, రేపటికి కావాలట" అనేవాడు. మరి నా ఫ్యాను పేరేమిటయ్యా అని అడిగాను ఒకసారి. చాలాసేపు నసిగాడు. "ఉపన్యాసం అండీ" అన్నాడు. ఎందుకయ్యా అంటే, "మొదలెడితే ఆగదండీ. ఆపితే మళ్లీ మొదలెట్టదండీ" అన్నాడు. నా అలమారలో మూడువేల పుస్తకాలున్నాయి. అన్ని పుస్తకాలు రాసినవాళ్లలో ఒక్కడూ నన్ను ఇంత పొట్టిగా తేల్చలేకపోయేవాడు.

నవ్వండి, ఫరవాలేదు. ఇక ముందు నవ్వే చోట్లు రావు.

నా భార్య జబ్బుపడిన ఏడాది మీలో కొందరికి గుర్తుండాలి. ఏడు నెలలు మంచం దిగలేదు. చివరి రోజుల్లో ఆమెకు చప్పుడు పడేది కాదు. గిన్నె మూత జారినా ఉలిక్కిపడేది. గదిలో ఫ్యాను టక్ టక్ మని కొట్టుకునేది. ఫ్యాను వేస్తే ఆ చప్పుడు, ఆపితే ఉక్క. నేను కాలేజీలో ముప్పైమూడేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, మనిషి బాధ గురించి లోకంలో గొప్పవాళ్లు రాసినవన్నీ చదివినవాణ్ణి. ఆ ఫ్యాను కింద నిలబడి తల పట్టుకోవడం తప్ప నాకేమీ చేతకాలేదు.

ఆయన వచ్చాడు. బేరింగులు మార్చాడు. చప్పుడు పోలేదు. విప్పాడు, మళ్లీ బిగించాడు, రెక్కలు తూచాడు. పోలేదు. మూడోసారి వచ్చి ఫ్యానంతా దింపుకుపోయి, ఒక గంటలో తెచ్చి తగిలించాడు. మీట నొక్కితే గాలి తెలుస్తోంది గాని తిరుగుతున్నట్టే తెలియదు. నా భార్య ఆ రోజు చాలా రోజుల తరువాత పక్కకు తిరిగి పడుకుంది. నేను బయటికి వచ్చి, ఏం చేశావయ్యా అని అడిగాను. "చిన్న లోపమండీ, ఇన్నాళ్లూ నాకే కనబడలేదు" అన్నాడు.

ఆమె పోయిన తరువాత ఒకరోజు వాళ్లింటికి వెళ్లాను. పై నుంచి టక్ టక్ మని వినిపించింది. తలెత్తి చూశాను. మా ఫ్యాను. రెక్క మీద మా గది సున్నం మరక ఇంకా ఉంది. తన ఇంటి ఫ్యాను విప్పి మాకు తగిలించి, మాది తను తగిలించుకున్నాడు. వాళ్లిద్దరూ అప్పటినుంచీ ఆ చప్పుడు కింద తిన్నారు, పడుకున్నారు. చెల్లెమ్మా, నువ్వు ఒక్కరోజూ అనలేదు. ఆయనను నిలదీస్తే ఏమన్నాడో తెలుసా? "మాకు చప్పుళ్లు అలవాటే కదండీ" అన్నాడు.

అలాంటి మనిషికి మనం ఏం చేశామో ఇప్పుడు చెప్తాను.

పోయిన ఏడాది మెట్ల కింద గది సెక్రటరీ గారి కంటబడింది. సైకిళ్లు పెట్టుకోవచ్చునన్నారు. మొదటి అంతస్తువారికి ఆయన మోటారు చుట్లకు పూసే వార్నిష్ వాసన కొత్తగా పడకుండా పోయింది. వకీలుగారికి అగ్నిప్రమాదం భయం పట్టుకుంది. అపరిచితులు భవనంలోకి వస్తున్నారని ఇంకొకరన్నారు. ఆ అపరిచితులు పక్కవీధి ఆడవాళ్లు, చంకలో టేబుల్ ఫ్యాను పెట్టుకుని వచ్చేవాళ్లు. సరే. అందరికీ మాట ఉంది, మాటను కాగితం మీద పెట్టేవాడు లేడు. సెక్రటరీ గారు మా ఇంటికి వచ్చారు. నా అలమారల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "మాస్టారూ, మేం రాస్తే అర్జీ అవుతుంది. మీ చెయ్యి పడితే రచన అవుతుంది" అన్నారు.

మిత్రులారా, ఆ ఫిర్యాదు రాసింది నేను.

తెలిసినవాళ్లు తలలు దించుకోనక్కర్లేదు. తెలియనివాళ్లు ఇటు చూడండి. "ఇల్లు కార్ఖానా కాదు, మెట్లు బజారు కాదు" అనే వాక్యం మీ అందరికీ నోటికి వచ్చు. పిల్లలు కూడా ఆటల్లో అన్నారు. ఆ వాక్యం నాది. రిటైరయ్యాక ఎనిమిదేళ్లపాటు నా దగ్గరికి ఎవరూ ఏదీ రాసిపెట్టమని రాలేదు. ఒక మనిషి వచ్చి మెచ్చుకునేసరికి నా తలకెక్కింది. ఎవరి మీద రాస్తున్నానో మరిచిపోలేదు. మరిచిపోయానంటే అబద్ధం. గుర్తుంచుకునే రాశాను. వాక్యం బాగా వస్తోందనే సంబరంలో రాశాను.

మీటింగు ఈ హాల్లోనే జరిగింది. ఎండాకాలం. వకీలుగారు అగ్నిప్రమాదం గురించి చెప్తున్నారు. మధ్యలో ఈ పైనున్న ఫ్యాను ఆగిపోయింది. అందరూ కాగితాలతో విసురుకోవడం మొదలుపెట్టారు. సెక్రటరీ గారు, రేపటికి వాయిదా వేద్దామా అన్నారు. అప్పుడు వెనక వరసలోంచి ఆయన లేచాడు. ఎవరి మీద ఈ సభ జరుగుతోందో ఆయనే. జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు, స్టూలు ఎక్కాడు. కండెన్సరు మార్చి దిగాడు. మీట వేయమన్నాడు. గాలి వచ్చింది. "కానివ్వండి" అని వెళ్లి వెనక కూర్చున్నాడు.

కానిచ్చాం! ఆయన పెట్టిన గాలి కింద చల్లగా కూర్చుని కానిచ్చాం. నా వాక్యం చదివారు, చప్పట్లు కొట్టారు, చేతులెత్తమన్నారు. పద్దెనిమిది చేతులు లేచాయి. లేవని చేతుల్లో నాది ఒకటి. గొప్పకోసం చెప్పడం లేదు. రాసినవాడు చెయ్యెత్తితే బాగుండదని సెక్రటరీ గారే ముందు చెప్పారు.

సరే, అది మనందరి పాపం. నాకు వాటా ఎక్కువ, అంతే. దీని తరువాతది నా ఒక్కడిది.

మర్నాడు ఉదయం ఆయన నోటీసు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. పదిహేను రోజుల్లో జవాబివ్వాలని అందులో ఉంది. గుమ్మంలోనే నిలబడి, "ఎవరో బాగా చదువుకున్నవాళ్లు రాశారండీ. చదువుతుంటే నాకే నా మీద కోపం వచ్చింది. దీనికి మీరు జవాబు రాసిపెట్టాలి మాస్టారూ" అన్నాడు. నా ముఖం చూడలేదు. చేతిలో కాగితాన్నే చూశాడు. కూర్చోమన్నాను. కూర్చోలేదు, పని ఉందన్నాడు.

ఏం రాయాలో నాకు తెలియదా? ఆ ఫిర్యాదులో ఎక్కడ బోలుగా ఉందో నాకు తెలియదా? ఇరవైఆరేళ్లలో ఆ గదిలో ఒక్క నిప్పురవ్వ లేవలేదని రాయవచ్చు. వాసన పడనివారి ఇంట్లో తిరిగే నాలుగు ఫ్యాన్లకూ ఆ వార్నిషే పూశారని రాయవచ్చు. స్టూలెక్కి దిగిన సంగతి ఒక్కటి రాస్తే చాలు, సిగ్గున్నవాడెవడూ మళ్లీ చెయ్యెత్తేవాడు కాదు. నా భార్య గదిలో తిరిగిన ఫ్యాను గురించి రాయవచ్చు. అలా రాస్తే ఏమవుతుంది? ఆ ఫిర్యాదు ఓడిపోతుంది. నా వాక్యం ఓడిపోతుంది. చప్పట్లు ఓడిపోతాయి.

నేను రాశాను. "తమరు దయతో పునఃపరిశీలించవలసిందిగా వినయపూర్వకంగా కోరుకుంటున్నాను." ఇలాంటివే ఆరు వాక్యాలు. గుమాస్తాలు రాసే భాష. నా జీవితంలో కావాలని పేలవంగా రాసిన కాగితం అదొక్కటే. చదివి వినిపించాను. ఆయన చివరిదాకా విన్నాడు, ఫ్యాను విన్నట్టే, కళ్లు మూసుకుని. "చాలా మర్యాదగా ఉందండీ" అన్నాడు. సంతకం పెట్టి తీసుకుపోయాడు.

జవాబును సెక్రటరీ గారు అర నిమిషంలో కొట్టిపారేశారు. ఇందులో పసలేదన్నారు. నిజమే. పస నేనే తీసేశాను.

ఆ తరువాతది మీరంతా చూశారు. చెల్లెమ్మకు వార్నిష్ ఘాటు పడదని ఇంట్లో పని పెట్టుకోలేదు. దయ తలిచి మేడ మీద రేకుల షెడ్డు ఇచ్చారు. నాలుగు అంతస్తులు. మన లిఫ్టు మూడేళ్లుగా పనిచేయడం లేదు. అరవైతొమ్మిదేళ్ల మనిషి చేతిలో మోటారు, భుజాన తీగచుట్ట పెట్టుకుని రోజుకు అయిదారుసార్లు ఎక్కాడు, దిగాడు. ఎవరైనా సాయం చేయబోతే, "మీరు పైకి రాకండి, కింద ఇచ్చి వెళ్లండి, నేనే తెస్తాను" అనేవాడు. మొదటి నెల మలుపుల దగ్గర నిలబడేవాడు. తరువాత కూర్చునేవాడు. నేను చూశాను. మీరూ చూశారు. పక్కనుంచి దారి చేసుకుని వెళ్లాం. మెట్ల కింద గదిలో ఇవాళ మూడు సైకిళ్లున్నాయి. రెండింటికి గాలి లేదు.

డాక్టరు గుండె అన్నాడు. వయసన్నాడు. సెక్రటరీ గారు అదే మాట నాకు రెండుసార్లు చెప్పారు, నేను అడగకుండానే. సంతాప తీర్మానం కూడా నన్నే రాయమన్నారు. "మీరైతేనే బాగుంటుంది మాస్టారూ" అన్నారు. నేను రాయలేదు. ఈ భవనం కోసం నేను ఇక ఏమీ రాయను.

నిన్న సాయంత్రం చెల్లెమ్మ దగ్గరికి వెళ్లాను. సభలో చెప్పేముందు ఆమెకు చెప్పాలి కదా. ఆ ఫిర్యాదు రాసింది నేనేనమ్మా అన్నాను. ఆమె బట్టలు మడతపెడుతోంది. చెయ్యి ఆపలేదు. "ఆయనకు తెలుసు అన్నయ్యగారూ. మీటింగులో చదువుతుంటేనే తెలిసిపోయింది, ఈ మాట మాస్టారిదే అన్నారు" అంది.

తెలిసే నా గుమ్మానికి వచ్చాడా? తెలిసే నన్ను జవాబు రాయమన్నాడా? ఎందుకమ్మా అని అడిగాను. చెల్లెమ్మా, నువ్వు చెప్పిన మాట ఇక్కడ చెప్తున్నాను, తప్పుంటే దిద్దు. "నేనూ అదే అడిగాను. ఆయన రాసినదాన్ని మళ్లీ ఆయన దగ్గరికే తీసుకెళ్లడమేమిటి, మీకు మతిపోయిందా అన్నాను. చుట్టింది ఆయనే, ఎక్కడ వదులు చెయ్యాలో ఆయనకే తెలుస్తుందే అన్నారు. మాస్టారు చూస్తూ ఊరుకోరు అన్నారు."

మాస్టారు చూస్తూ ఊరుకోరు.

ఆ మనిషి నన్ను తిట్టడానికి రాలేదు, పరీక్షించడానికీ రాలేదు. కాలిపోయిన వైండింగు విప్పి మళ్లీ చుట్టుకోవచ్చునని చెప్పడానికి వచ్చాడు. ఆయన లోకంలో పాడైనవన్నీ అలాగే బాగవుతాయి. నాకు ఒక కాగితం, పదిహేను రోజుల గడువు ఇచ్చాడు. నేను ఆరు వాక్యాలు ఇచ్చాను. అవి కళ్లు మూసుకుని వింటున్నప్పుడు ఆయనకు వినిపించే ఉంటుంది, లోపల ఏం లేదో. అయినా మర్యాదగా ఉందన్నాడు. ఆ జవాబు నాకు ఇప్పుడు బాగా వచ్చు. ఇంతసేపూ మీకు చెప్పింది అదే. కింద సంతకం పెట్టడానికి ఆయన లేడు.

ఎవరైనా ఓదార్పు కోసం వచ్చి ఉంటే క్షమించండి. నా దగ్గర లేదు. మంచివాళ్లు మన గుండెల్లో బతికే ఉంటారని ఇప్పుడు ఇంకొకరు లేచి చెప్తారు. నమ్మకండి. మన గుండెల్లో అంత చోటుంటే మెట్ల కింద చోటు దొరికేది.

చివరి మాట. ఆయన మూడో అంతస్తు మలుపులో కూర్చున్నప్పుడు ఒళ్లో ఒక టేబుల్ ఫ్యాను ఉంది. పని పూర్తిచేసి ఎవరికో ఇవ్వడానికి కిందికి తెస్తున్నాడు. రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు, కింద పడనివ్వలేదు. అది ఎవరిదో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. నీలం రెక్కలు, ముందు జాలీకి ఒకచోట వంకర. వారం పైన అయింది. ఒక్కరూ వచ్చి నాదని అనలేదు. ఎందుకు అనలేదో నాకు అర్థమవుతుంది. నాదైనా అనేవాణ్ణి కాదేమో. నిన్న ప్లగ్గు పెట్టి చూశాను. తిరుగుతోంది. కొంచెం కూడా చప్పుడు లేదు. చప్పుడుంటే దాని పేరేమిటో చెల్లెమ్మ చెప్పగలిగేది, పేరునుబట్టి మనిషిని పట్టుకునేది. బాగుచేసేశాడు కాబట్టి ఇక పట్టుకోలేం. "అది ఇంట్లో ఉంటే నాకు ఊపిరాడటం లేదు అన్నయ్యగారూ" అంది. అందుకని తెచ్చి ఈ హాలు గుమ్మం పక్కన పెట్టాను. మీరంతా దాన్ని దాటుకునే లోపలికి వచ్చారు.

ఇప్పుడు అందరూ లేచి రెండు నిమిషాలు మౌనంగా నిలబడదాం. మోకాళ్లు నొప్పులున్నవాళ్లు కూర్చోవచ్చు. శాంతి కోరమని, ప్రార్థన చెయ్యమని నేను చెప్పను, ఎవరికి తోచింది వాళ్లు తలుచుకోండి. తలలు బాగా వంచండి. కళ్లు మూసుకోండి. నేనూ మూసుకుంటాను. చెల్లెమ్మా, నువ్వూ మూసుకో. ఆ ఫ్యాను ఎవరిదో వాళ్లు ఈ రెండు నిమిషాల్లో మెల్లగా వెళ్లి తీసుకుపొండి. ఎవరూ చూడరు. ఎవరూ అడగరు. అది మీ ఇంట్లో తిరిగితే చాలు.

ఎవరూ కదలరని నాకు తెలుసు. అయినా రెండు నిమిషాలూ పూర్తిగా నిలబడదాం.

లేవండి.